పిప్పి పన్నూ.. చెరుకు పిప్పీ

చలి మొదలైందంటే జహీరాబాద్ చుట్టుపక్కల దారుల నిండా చెరుకే. ట్రాక్టర్ ట్రాలీల్లో, లారీల్లో, అక్కడక్కడా ఇంకా ఎడ్లబండ్ల మీద గడలు కట్టలు కట్టలుగా మిల్లు దారి పడతాయి. కొన్ని సరిహద్దు దాటి బీదర్ వైపూ పోతాయి. బండి నెమ్మదించిన మలుపులో పిల్లలు వెనక నుంచి ఒక గడ లాగేస్తారు. కత్తి అక్కర్లేదు, పళ్ళే కత్తి. తోలు చీల్చి, ముక్క కొరికి, రసమంతా పీల్చుకుని, తెల్లటి పీచును రోడ్డు పక్కన ఉమ్మేస్తారు. ఆ పీచు పేరు పిప్పి.

పన్ను పుచ్చి లోపల గుల్లయితే దాన్నీ మనం పిప్పి పన్ను అనే అంటాం. సారం పోగా మిగిలినదాన్ని చెప్పడానికి తెలుగువాళ్ళు ఒకే మాటను చెరుకుకూ పంటికీ వాడారు. ఈ రెండు పిప్పులకూ మాటలోనే కాదు, రసాయనంలోనూ చుట్టరికం ఉంది. చెరుకు రసంలోని తీపి పంటిని పిప్పి చేస్తుంది. ఆ రసం పిండేశాక మిగిలిన పిప్పిలో నుంచి మరో తీపిని తీయవచ్చు. దాని పేరు జైలిటాల్. పంటిని తొలిచే బ్యాక్టీరియాకు ఒంటబట్టని తీపి అది. షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్ ప్యాకెట్ల వెనుక చీమల బారు లాంటి చిన్న అక్షరాల్లో కనిపించే పేర్లలో అదొకటి.

చక్కెర లేని గమ్ నమిలితే పళ్ళకు మంచిదన్న మాట ఇప్పుడు చిన్న ఊళ్ళలోనూ వినిపిస్తోంది. నిజమే, కొంతవరకు. కానీ షుగర్ ఫ్రీ అన్న మాట గమ్‌లో ఏది లేదో చెబుతుంది. ఏది ఉందో చెప్పదు. నోట్లో ఉన్న బ్యాక్టీరియాకు తేడా తెచ్చేది ఆ రెండో సంగతి. అందుకే ఈ వారం ఆ చిన్న అక్షరాల లోపలికి వెళ్దాం.

పళ్ళ సందులో ఒక ఊరు

1683లో డచ్ బట్టల వ్యాపారి ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ తన పళ్ళ మధ్య పేరుకున్న తెల్లటి పాచిని గీకి, తాను స్వయంగా సానపట్టిన కటకం కింద పెట్టి చూశాడు. అందులో ఈదులాడుతున్న సూక్ష్మజీవులను చూసి ఆశ్చర్యపోయి లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. మనిషి నోట్లో బ్యాక్టీరియా ఉందని లోకానికి తెలిసింది అలా. మనుషుల నోళ్ళలో ఇప్పటిదాకా గుర్తించిన రకాలు సుమారు 700. వీటిలో చాలామటుకు మనకు హాని చేయవు. కొన్ని మేలే చేస్తాయి. బయటి నుంచి వచ్చే రోగకారకాలకు చోటు దొరకకుండా ముందే స్థలం ఆక్రమించుకుని కూర్చుంటాయి.

ఆ ఊళ్ళో గొడవ పెట్టేది ఎవరన్నది తేలడానికి రెండు వందల ఏళ్ళు పట్టింది. 1890లో బెర్లిన్‌లో పనిచేస్తున్న అమెరికన్ దంతవైద్యుడు విలోబీ మిల్లర్ ఒక సిద్ధాంతం చెప్పాడు. తిండిలోని తీపినీ పిండినీ బ్యాక్టీరియా పులియబెట్టి ఆమ్లంగా మారుస్తుంది, ఆ ఆమ్లం పంటిని కరిగిస్తుంది అని. పన్నును పురుగు తొలుస్తుందన్న నమ్మకం మనకూ ఉంది, ప్రపంచమంతటా ఉంది. మిల్లర్ చెప్పాక ఆ పురుగు కంటికి కనిపించనిదని తేలింది. 1924లో లండన్‌లో కిలియన్ క్లార్క్ పుచ్చిన పళ్ళలో నుంచి ఒక గుండ్రటి జీవిని వేరుచేశాడు. ఒకసారి గుండ్రంగా, ఒకసారి కోలగా రూపు మారుస్తూ కనిపించిందని దానికి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అని పేరు పెట్టాడు.

ఈ మ్యూటన్స్‌కు చక్కెర అంటే మహా ప్రీతి. అందులోనూ చెరుకు చక్కెర, అంటే సుక్రోజ్. సుక్రోజ్‌లో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ జంటగా ఉంటాయి. మ్యూటన్స్ తన ఎంజైములతో ఆ జంటను తెంపి, గ్లూకోజ్‌లను వరసగా అతికించి జిగురు తయారుచేసుకుంటుంది. ఆ జిగురుతోనే పంటికి అంటుకుంటుంది, తోటి జీవులనూ అంటించుకుంటుంది. పొద్దున్నే నాలుకతో తడిమితే పళ్ళ మీద నున్నగా, జిగటగా తగిలే పాచి ఇదే. మిగిలిన తీపిని తిని లాక్టిక్ ఆమ్లం వదులుతుంది. పాచి కింద ఆమ్లం చిక్కబడి పీహెచ్ 5.5 కంటే దిగిందంటే ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది. తీపి నోట్లో పడిన కొద్ది నిమిషాల్లోనే ఇదంతా జరిగిపోతుంది. మళ్ళీ మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది.

ఈలోగా ఇంకో చాయ్ తాగితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. గంటకో చాయ్, మధ్యలో ఒక బిస్కెట్, జేబులో ఒక చాక్లెట్.. ఇలా గడిచే రోజులో పంటికి కోలుకునే వ్యవధే దొరకదు. ఎంత తీపి తిన్నామన్నదాని కన్నా ఎన్నిసార్లు తిన్నామన్నదే పళ్ళకు పెద్ద ప్రశ్న. ఈ సంగతి తెలుసుకోవడానికి చెల్లించిన మూల్యం చాలా బాధాకరమైనది. స్వీడన్‌లోని విపెహోల్మ్ అనే చోట, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళను ఉంచిన ఆశ్రమంలో, 1940ల్లో ఆ నిస్సహాయులకు పళ్ళకు అతుక్కుపోయే టాఫీలు పనిగట్టుకుని తినిపించారు. భోజనాల మధ్య జిగట తీపి తిన్నవాళ్ళ పళ్ళు దారుణంగా పాడయ్యాయి. కాదనే నోరు లేనివాళ్ళ నోళ్ళను ప్రయోగశాల చేసుకున్నారు. ఆ పని నేరమే. దంతవైద్య పాఠాలు చెప్పేవాళ్ళు ఆ ఫలితంతో పాటు వాళ్ళనూ తలచుకోవాలి.

కిరాయి దండగ

జైలిటాల్ చక్కెరంత తియ్యగా ఉంటుంది. నాలుక మీద కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది కాబట్టి చల్లగా తగులుతుంది. చక్కెర గ్రాముకు 4 కిలోక్యాలరీలిస్తే ఇది 2.4 ఇస్తుంది. దీన్ని 1891లో జర్మన్ రసాయనవేత్త ఎమిల్ ఫిషర్, సహచరుడు రుడాల్ఫ్ స్టాహెల్ బీచ్ చెట్టు చెక్క నుంచి తయారుచేశారు. ఆ తర్వాత చాన్నాళ్ళు దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. రెండో ప్రపంచ యుద్ధంలో చక్కెరకు కటకటలాడిన ఫిన్లండ్ దాని వైపు చూసింది.

గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అణువుల్లో ఆరేసి కార్బన్లుంటే దీనిలో ఐదే. మ్యూటన్స్‌కు ఈ తేడా తెలియదు. ఫ్రక్టోజ్‌ను లోపలికి లాక్కునే దారినే దీన్నీ లాక్కుంటుంది. లాక్కోవడానికి తన దగ్గరున్న శక్తిని ఖర్చుపెట్టి, దానికి ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది. తీరా లోపలికి వచ్చాక దాన్ని విరగ్గొట్టే ఎంజైము లేదు. తినలేదు, ఉంచుకోలేదు. పోగుపడితే విషమవుతుంది గనుక మళ్ళీ శ్రమపడి బయటికి తోస్తుంది. తోసిన దాన్ని కాసేపటికి మళ్ళీ లోపలికి లాక్కుంటుంది. లారీకి కిరాయి కట్టి సరుకు ఇంటికి తెచ్చుకున్నాక మూటల్లో రాళ్ళున్నాయని తెలిసి, మళ్ళీ కిరాయి కట్టి ఊరి బయట పారబోసినట్టు. అదీ ఒకసారి కాదు, రోజంతా. ఆ దండగ ఖర్చుతో దాని పెరుగుదల కుంటుపడుతుంది. ఆమ్లం పుట్టదు. జిగురూ పుట్టదు.

బ్యాక్టీరియా ఊరుకుంటుందా? కొన్నాళ్ళు జైలిటాల్ అలవాటైన నోళ్ళలో, దాన్ని లోపలికి రానిచ్చే దారినే మూసేసుకున్న మ్యూటన్స్ రకాలు మిగులుతాయి. వీటికి జైలిటాల్ దెబ్బ తగలదు. మందులకు లొంగని బ్యాక్టీరియా గురించి విన్నవాళ్ళకు ఇది భయం పుట్టించే మాటే. కానీ ఈ మిగిలిన రకాలకు పంటిని అంటుకునే పట్టు తక్కువని కొన్ని పరిశోధనల్లో తేలింది. ఊళ్ళో ఉన్నా గోడకు అతుక్కోలేక లాలాజలంతో పాటు జారిపోతాయి. మిగతా 700 రకాల సంసారం పెద్దగా చెదరదు. యాంటీసెప్టిక్ మౌత్‌వాష్ మంచీ చెడూ చూడకుండా చంపినట్టు ఇది చంపదు.

ఇక సార్బిటాల్. షుగర్ ఫ్రీ గమ్‌లలో ఎక్కువగా వాడేది ఇదే, చవక కాబట్టి. ఇది ఆరు కార్బన్ల తీపి. మ్యూటన్స్ దీన్ని తినగలదు. అయితే చాలా నెమ్మదిగా, అయిష్టంగా. గ్లూకోజ్ దొరికితే దీని జోలికే రాదు. పుట్టే ఆమ్లం మామూలు మనిషి నోట్లో 5.5 గీత దాటేంత ఉండదు. చక్కెర గమ్ కన్నా ఎంతో నయం. అయితే నోరు ఎండిపోయే జబ్బున్నవాళ్ళు, రోజంతా నమిలేవాళ్ళు ఇది పూర్తిగా నిరపాయమని అనుకోకూడదు. ఆస్పర్టేమ్, సుక్రలోజ్, ఎసిసల్ఫేమ్ లాంటివి వందల రెట్ల తీపి గలవి. చిటికెలో వందో వంతు చాలు. మ్యూటన్స్ వీటిని పులియబెట్టి ఆమ్లం చేయలేదు. అలాగని జైలిటాల్ లాగా దానికి నష్టమూ చేయవు.

సున్నా పుచ్చుల ఊరు

ఫిన్లండ్‌లోని టుర్కు విశ్వవిద్యాలయంలో ఆర్యె షైనిన్, కౌకో మాకినెన్ 1972లో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. 125 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు తీపి పదార్థాలన్నీ చక్కెరతో, ఇంకో గుంపుకు ఫ్రక్టోజ్‌తో, మూడో గుంపుకు జైలిటాల్‌తో చేసి పెట్టారు. రెండేళ్ళయ్యాక పాడైన పంటి ముఖాలను లెక్కపెట్టారు. చక్కెర తిన్నవాళ్ళలో సగటున 7.2 కొత్తవి. ఫ్రక్టోజ్ వాళ్ళలో 3.8. జైలిటాల్ వాళ్ళలో సున్నా. 1975లో ఫిన్లండ్‌లో జైలిటాల్ గమ్ బజారుకొచ్చింది. ఆ దేశపు పిల్లల సంరక్షణ కేంద్రాల్లో భోజనమయ్యాక తలా ఒక జైలిటాల్ బిళ్ళ ఇవ్వడం ఇప్పటికీ చాలాచోట్ల ఆనవాయితీ.

నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలింది తల్లుల మీద చేసిన అధ్యయనం. మ్యూటన్స్ పుట్టుకతో రాదు. పళ్ళు వచ్చే వయసులో ఎక్కువగా తల్లి నోటి నుంచే వస్తుంది. వేడి చూద్దామని చెంచా నోట్లో పెట్టుకుని అదే చెంచాతో బిడ్డకు పెడతాం కదా, అలా. ఫిన్లండ్‌లో ఎవా సోడర్లింగ్ బృందం, నోట్లో మ్యూటన్స్ ఎక్కువున్న తల్లుల చేత బిడ్డకు మూడు నెలల వయసు నుంచి రెండేళ్ళు నిండేదాకా జైలిటాల్ గమ్ నమిలించింది. గమ్ నమిలింది తల్లులే, బిడ్డలు కాదు. రెండేళ్ళకు ఆ బిడ్డల్లో 9.7 శాతం మంది నోళ్ళలోనే మ్యూటన్స్ చేరింది. తల్లులకు గమ్ బదులు ఫ్లోరైడ్ పూత వేసిన గుంపులో అది 48.5 శాతం. ఐదేళ్ళ వయసులో మొదటి గుంపు పిల్లల పళ్ళలో పుచ్చులు దాదాపు 70 శాతం తక్కువ.

ఆఫ్రికాలోని మలావిలో పది వేల మందికి పైగా స్త్రీలతో ఇంకో పెద్ద ప్రయోగం జరిగింది. గర్భానికి ముందో, తొలి నెలల్లోనో మొదలుపెట్టి రోజూ జైలిటాల్ గమ్ నమిలిన వాళ్ళలో నెలలు నిండని కాన్పులు 12.6 శాతం, నమలని వాళ్ళలో 16.5 శాతం. చిగుళ్ళ జబ్బుకూ తొందర కాన్పుకూ సంబంధం ఉందని వైద్యులు ఎప్పటి నుంచో అనుమానిస్తున్నారు. ఆ అనుమానానికి ఇది బలమిచ్చింది.

రెండో వైపూ చెప్పాలి. టుర్కు ప్రయోగం నడిపిన తీరు మీద తర్వాత విమర్శలొచ్చాయి. అమెరికాలో పెద్దవాళ్ళకు 33 నెలల పాటు రోజూ జైలిటాల్ బిళ్ళలు ఇచ్చి చూస్తే పుచ్చులు 10 శాతం మాత్రమే తగ్గాయి, గణాంకాల లెక్కలో అది నిలవలేదు. 2013లో ఆ ఫలితం వచ్చింది. 2015లో కాక్రేన్ సంస్థ ప్రపంచంలోని అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి, గమ్, బిళ్ళల గురించి తేల్చి చెప్పడానికి ఆధారాలు చాలవంది. కాబట్టి జైలిటాల్ బ్యాక్టీరియాను దెబ్బతీస్తుందన్నది గట్టి మాట. అదొక్కటే మీ పళ్ళను కాపాడుతుందన్నది అంత గట్టి మాట కాదు.

అట్ట వెనుక అంకెలు

జహీరాబాద్ బస్టాండ్ ఎదురుగా ఏ కొట్టులోనైనా ఒక షుగర్ ఫ్రీ గమ్ ప్యాకెట్ తీసుకుని వెనక్కి తిప్పండి. మన ఆహార నిబంధనల ప్రకారం ఏ పదార్థం ఎక్కువ బరువుంటే దాని పేరు ముందు రాయాలి. పేర్లు గుర్తుండకపోతే అంకెలు పట్టుకోండి. 420 అంటే సార్బిటాల్. 421 మానిటాల్. 965 మాల్టిటాల్. 967 జైలిటాల్. 951 ఆస్పర్టేమ్, 950 ఎసిసల్ఫేమ్, 955 సుక్రలోజ్. ముందు 420 ఉండి, ఎక్కడో చివర 967 ఉంటే అది పేరుకే జైలిటాల్ గమ్. పరిశోధనల్లో ప్రభావం కనిపించింది రోజుకు 5 నుంచి 10 గ్రాముల జైలిటాల్‌ను, మూడు నుంచి ఐదు విడతలుగా తీసుకున్నప్పుడు. పూర్తిగా జైలిటాల్‌తో చేసిన ఒక గమ్ బిళ్ళలోనే అది ఒక గ్రాము దాకా ఉంటుంది.

పండ్ల రుచి గమ్‌లు కొనేటప్పుడు ఇంకో అంకె చూడండి. 330, సిట్రిక్ ఆమ్లం. బ్యాక్టీరియా ప్రమేయం లేకుండానే ఎనామిల్‌ను అరగదీసేది అది. చక్కెర లేదని రాసిన గమ్‌లోనూ ఉండవచ్చు.

మరి సార్బిటాల్ గమ్ దండగేనా అంటే, కాదు. గమ్ చేసే మేలులో పెద్ద వాటా తీపిది కానే కాదు, నమలడానిది. నమిలితే లాలాజలం ఊరుతుంది, మొదటి నిమిషాల్లో పది రెట్ల దాకా. ఊరిన ఆ లాలాజలంలో బైకార్బనేట్ ఎక్కువగా ఉంటుంది, ఆమ్లాన్ని విరిచేస్తుంది. అందులోని కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలైన ఎనామిల్‌ను తిరిగి పూడుస్తాయి. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2007లో తొలిసారి కొన్ని షుగర్ ఫ్రీ గమ్‌లకు తన ముద్ర వేసింది ఈ కారణంతోనే. తిన్న తర్వాత 20 నిమిషాలు నమలాలని షరతు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింజన్ పరిశోధకులు 2015లో నమిలి ఉమ్మిన గమ్ ముక్కలను పరీక్షిస్తే ఒక్కోదానిలో పది కోట్ల దాకా బ్యాక్టీరియా చిక్కుకుని కనిపించింది. ఎక్కువసేపు నమిలితే గమ్ మెత్తబడి పట్టినవి మళ్ళీ జారిపోతాయట.

నమలడం మనకు కొత్త కాదు. తుమ్మ బంక నమిలిన బాల్యాలు తెలంగాణలో ఇంటింటా ఉన్నాయి. తొలినాళ్ళ చూయింగ్ గమ్‌లు చాలామటుకు చేసింది కూడా చెట్టు పాలతోనే. మనం తినే సపోటా చెట్టు పాలు అవి, మెక్సికో అడవుల నుంచి వచ్చేవి. జహీరాబాద్ ప్రాంతానికి ఇంకో నమిలే అలవాటుంది, జొన్న రొట్టె. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు చిరుధాన్యాల సాగును నాలుగు దశాబ్దాలుగా కాపాడుకొస్తున్నది ఇక్కడే. మెత్తటి అన్నం, బిస్కెట్, బ్రెడ్ మింగే నోటికీ, రొట్టె నమిలే నోటికీ ఊరే లాలాజలంలో తేడా ఉంటుంది.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. జైలిటాల్, సార్బిటాల్ లాంటి తీపులు ఎక్కువైతే కడుపు ఉబ్బరం, విరేచనాలు. మింగేసే వయసు పిల్లలకు గమ్ ఇవ్వకూడదు. దవడ నొప్పి ఉన్నవాళ్ళకు వద్దు. ఇంట్లో కుక్క ఉంటే జైలిటాల్ దాని నోటికి అందనివ్వకండి. మనకు మేలు చేసేది దానికి ప్రాణాంతకం. 2024లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు రక్తంలో జైలిటాల్ ఎక్కువున్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎక్కువగా కనిపించిందని ప్రకటించారు. వాళ్ళు మనుషుల చేత తాగించి చూసింది ఒకేసారి 30 గ్రాములు. గమ్ లెక్క వేరు, అయినా గుండె జబ్బున్నవాళ్ళు జైలిటాల్ పొడితో స్వీట్లు చేసుకోవాలనుకుంటే ముందు డాక్టర్‌ను అడగడం మేలు. రాత్రి నిద్రలో లాలాజలం పెద్దగా ఊరదు. పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోవడానికి ఏ గమ్మూ బదులు కాదు.

మన పిప్పి ఎటు పోతోంది

టన్ను చెరుకు ఆడితే సుమారు 250 నుంచి 300 కిలోల తడి పిప్పి మిగులుతుంది. ఎండిన పిప్పిలో పావు వంతు దాకా హెమీసెల్యులోజ్. దానిలోని జైలాన్‌ను విడగొడితే జైలోజ్, జైలోజ్‌ను మారిస్తే జైలిటాల్. ఫ్యాక్టరీల్లో ఈ పనిని నికెల్ ఉత్ప్రేరకంతో, ఎక్కువ వేడి, ఒత్తిడి పెట్టి చేస్తారు. ఖర్చెక్కువ. 2022లో ఐఐటీ గువాహటిలో ప్రొఫెసర్ వి.ఎస్.మొహోల్కర్ బృందం చెరుకు పిప్పినే తీసుకుని, కాండిడా ట్రోపికాలిస్ అనే ఈస్ట్‌తో పులియబెట్టి జైలిటాల్ తీసింది. అల్ట్రాసౌండ్ తరంగాలు పంపితే, 48 గంటలు పట్టే పులియబెట్టడం 15 గంటల్లో ముగిసింది. దిగుబడి దాదాపు 20 శాతం పెరిగింది. ఇది ప్రయోగశాల ఫలితం. ఫ్యాక్టరీ స్థాయిలో నిలబడుతుందా అన్నది పెట్టుబడి పెట్టి చూస్తేనే తేలుతుంది.

మన మిల్లుల్లో పిప్పి బాయిలర్‌లోకి పోతుంది. ఆవిరి వస్తుంది, కరెంటు వస్తుంది. అది వృథా అనలేం. కానీ కిలో పిప్పిని కాల్చితే వచ్చేదానికీ, దానిలోని తీపిని తీసి అమ్మితే వచ్చేదానికీ మధ్య ఉన్న తేడా చెరుకు రైతు చేతికి అందాల్సిన డబ్బు. మిల్లు ఎప్పుడు తెరుస్తారో, బిల్లు ఎప్పుడు వస్తుందో అని ఎదురుచూసి, లారీ కిరాయి భరించి చెరుకును పక్క రాష్ట్రానికి పంపుకున్న సంవత్సరాలు ఈ ప్రాంతపు రైతుకు గుర్తే.

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ ఒకటి. అక్కడ రావాల్సిన పరిశ్రమల జాబితాలో ఆహార శుద్ధి ఉంది. ఆ జాబితా రాసే అధికారులకూ, మన వ్యవసాయ విశ్వవిద్యాలయానికీ ఒక విన్నపం. గువాహటి బృందాన్ని ఒకసారి జహీరాబాద్ పిలిపించండి. వచ్చే సీజన్‌లో ఒక ట్రాలీ పిప్పి ఇచ్చి, ఇక్కడి చెరుకులో ఎంత జైలిటాల్ దిగుతుందో, కిలోకు ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టించి, ఆ లెక్కను రైతుల ముందు పెట్టండి.